బెంగళూరులో ఆరుగురికి ఆదివారం చైనీస్ లంచ్, 2,500 లోపు: ఎక్కడికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇదీ: మారతహళ్ళిలో ఉంటున్నారు, అనంతపురం నుంచి అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు. మీరిద్దరూ, ఏడేళ్ళ బాబూ, నాలుగేళ్ళ పాపా కలిపి ఆరుగురు. పిల్లలకి నూడుల్స్ కావాలి. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. మామయ్యగారు చికెన్ తింటారు గానీ బీపీ ఉంది. ఆదివారం మధ్యాహ్నం, ఏసీలో నింపాదిగా కూర్చుని, 2,500 రూపాయలు దాటకుండా చైనీస్ తినడం కుదురుతుందా, కుదిరితే ఎక్కడ?

కుదురుతుంది. చైనీస్ ఒక్కటే వండే మధ్యరకం ఫ్యామిలీ రెస్టారెంటుకి వెళ్ళండి. చుంగ్ వా, బీజింగ్ బైట్స్ లాంటివన్నమాట. ఊళ్ళో వీటికి ఒకటికి మించి శాఖలున్నాయి, మీకు దగ్గరున్నది చూసుకోండి. పన్నెండుంబావుకల్లా టేబుల్ దగ్గర ఉండండి. రెండు సూపులు బై టూ (ఒక్కోటి ఇద్దరికి పంచి), రెండు స్టార్టర్లు, రైసూ నూడుల్సూ కలిపి మూడు ప్లేట్లు, రెండు గ్రేవీలు. పన్నుతో కలిపి 2,300 దగ్గర ఆగుతుంది. ఈ ఊళ్ళో చైనీస్ బిల్లు పెరిగేది హోటల్ పేరు వల్ల తక్కువ, మెనూ చేతికొచ్చాక తలా ఒకటి చెప్పెయ్యడం వల్ల ఎక్కువ.

ముందు ఎక్కడికి వెళ్ళకూడదో చెప్తాను. మాల్ ఫుడ్ కోర్టు చవక అనిపిస్తుంది, కాదు. అక్కడ అమ్మేది ఒక్కరికి సరిపడే బౌల్. పంచుకోవడానికి వీలుండదు కాబట్టి ఆరుగురికీ ఆరు కొనాల్సిందే, పైన కూల్ డ్రింకులు. పెద్దవాళ్ళని కుర్చీ వెతుక్కోమని చెప్పి మీరు ట్రేలు పట్టుకుని తిరగాలి. పెద్ద చెయిన్ల ఆదివారం బఫే ఇంకో ఉచ్చు. తలకి ఇంత అని రేటు. అందులో సగం కూడా తినలేని ఇద్దరు పెద్దవాళ్ళకీ, రెండు స్పూన్ల నూడుల్స్ తిని లేచిపోయే పాపకీ కట్టిన డబ్బు వృథా. ఆఫీసు కుర్రాళ్ళ గుంపుకైతే బఫే లాభమే.

వీధి చివర దర్శిని, సాగర్ అని పేరుండే శాకాహార హోటళ్ళలో కూడా చైనీస్ దొరుకుతుంది, బాగా చవక. అందరూ శాకాహారులైతే నేను వాటికే ఓటేస్తాను. రెండు సంగతులు గుర్తుంచుకోండి. చాలా చోట్ల చైనీస్, నార్త్ ఇండియన్ సెక్షన్ మధ్యాహ్నం పన్నెండు తర్వాతే మొదలవుతుంది. పదకొండున్నరకి వెళ్తే ఇడ్లీ దోసెలే. రెండోది, కింద సెల్ఫ్ సర్వీసు, పైన ఏసీ హాలు ఉన్న హోటళ్ళలో వంటిల్లు ఒకటే అయినా మెనూ కార్డులు రెండు. కింద కౌంటర్ మీద చూసిన గోబీ రేటు పైన ఉండదు. పై అంతస్తు కార్డు చూశాకే కూర్చోండి.

బిర్యానీ, తందూరీ, చైనీస్ అన్నీ ఉండే మల్టీ క్యుజీన్ హోటళ్ళలో చైనీస్ రుచి మొత్తం ఆ ఒక్క కుక్ మీద ఆధారపడుతుంది. ఆయన సెలవు పెడితే తందూర్ దగ్గరున్న మనిషి కడాయి పట్టుకుంటాడు. అన్నం ముద్దవుతుంది, నూడుల్స్ జావగారతాయి. చైనీస్ మాత్రమే వండే చోట ఆ పొయ్యిల దగ్గర ముగ్గురు నలుగురు ఉంటారు, పొద్దున వండి ఆరబెట్టిన అన్నం సిద్ధంగా ఉంటుంది. ఫ్రైడ్ రైస్‌కి చల్లారి పొడిపొడిగా అయిన అన్నమూ, నీలంగా బుసకొట్టే హైప్రెషర్ మంటా రెండూ కావాలి. వేడన్నం వేస్తే తడి ఆవిరి బయటికొచ్చి మెతుకులు అతుక్కుంటాయి.

చోట్ల సంగతి. దగ్గర్లోనే కావాలంటే మారతహళ్ళి, ఇందిరానగర్, కోరమంగళ ఐదో బ్లాక్ చుట్టూ కావలసినన్ని ఉన్నాయి. ఊరు చూపించినట్టూ ఉండాలంటే కుందలహళ్ళి స్టేషన్ దాకా ఆటోలో వెళ్ళి పర్పుల్ లైన్ ఎక్కండి, రైలు మారకుండా ఎం.జి. రోడ్‌లో దిగొచ్చు. చర్చ్ స్ట్రీట్, బ్రిగేడ్ రోడ్, రెసిడెన్సీ రోడ్ అక్కడికి దగ్గరే. కారులో వెళ్తే ఆదివారం ఆ వీధుల్లో పార్కింగ్ వెతకడానికే అరగంట పోతుంది. లావెల్ రోడ్‌లోని రైస్ బౌల్ లాంటి పాత పేర్లూ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి, కానీ నడిబొడ్డున కాబట్టి రేటు ముందే చూసుకోండి. కమ్మనహళ్ళిలో, కాలేజీలున్న తావరెకెరె, ఎస్.జి. పాళ్య వైపు ఈశాన్య రాష్ట్రాల పిల్లలూ టిబెటన్లూ నడిపే చిన్న హోటళ్ళున్నాయి. మోమోలు, తుక్పా (నూడుల్స్ సూపు) బాగుంటాయి, చవక కూడా. కానీ ఇరుకు, పంది మాంసం కూడా అక్కడే వండుతారు, అత్తయ్యగారితో వెళ్ళే చోట్లు కావవి. వి.వి. పురం ఫుడ్ స్ట్రీట్ అని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి, అది సాయంత్రం వెలిగే వీధి.

ఇంటి నుంచే చూసుకోవలసినవి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ హోటల్ ఫొటోల్లో మెనూ విభాగం తెరిచి, ఫొటో ఎప్పటిదో చూడండి. ఏడాది దాటినదైతే పదో పదిహేనో శాతం కలుపుకోండి. డెలివరీ యాప్‌లో కనిపించే రేటు చూసి భయపడకండి, చాలా హోటళ్ళు అక్కడ కమిషన్ కోసం ఎక్కువ వేస్తాయి, కూర్చుని తినేవాళ్ళకి తక్కువే ఉంటుంది. సమీక్షల్లో నక్షత్రాలు వదిలేసి, 'క్వాంటిటీ' అనో 'పోర్షన్' అనో వెతకండి. ఎవరో ఒకరు బిల్లు ఫొటో పెట్టి ఉంటారు, దానికి మించిన సమాచారం లేదు. తర్వాత ఒక ఫోన్ చెయ్యండి, నాలుగు ప్రశ్నలు: మధ్యాహ్నం ఎన్నింటిదాకా ఆర్డర్ తీసుకుంటారు, మెట్లెక్కాలా లిఫ్ట్ ఉందా, బాత్రూమ్ అదే అంతస్తులో ఉందా, సర్వీస్ చార్జ్ వేస్తారా. పాత చైనీస్ రెస్టారెంట్లు చాలావరకు మొదటి అంతస్తులో ఉంటాయి, లిఫ్ట్ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇది రేటు కంటే పెద్ద విషయం.

యాప్‌లో టేబుల్ బుక్ చేసుకుంటే తగ్గింపు వస్తుంది, స్విగ్గీ డైనౌట్, జొమాటో వాళ్ళ డిస్ట్రిక్ట్, ఈజీడైనర్ అన్నిట్లోనూ. షరతులు చదవండి. బిల్లు ఆ యాప్‌లోనే కట్టాలి, ఆదివారం వర్తించకపోవచ్చు, కాంబోల మీద తగ్గింపు ఉండకపోవచ్చు. కొన్ని చోట్ల ముందుగా కట్టిన బుకింగ్ డబ్బు వెళ్ళకపోతే వెనక్కి రాదు. ఇరవై శాతం వస్తే అది మీ ఐస్‌క్రీములకి సరిపోతుంది, కానీ దాన్ని నమ్ముకుని బడ్జెట్ వెయ్యకండి.

పన్నెండుంబావు అని ఎందుకన్నానంటే, ఆదివారం రద్దీ ఒంటిగంటంబావు నుంచి మూడింటిదాకా. ఆ వేళలో పొయ్యిల మీద ఒక్కో కడాయిలో మూడేసి ప్లేట్లు ఒకేసారి తిప్పుతారు. మంట చాలదు, నూడుల్స్ వేగకుండా ఉడుకుతాయి. రుచి తేడా మీకే తెలుస్తుంది.

ఇక ఆర్డర్, అసలు డబ్బు మిగిలేది ఇక్కడే.

సూపు తలా ఒకటి చెప్పకండి. బెంగళూరులో కాఫీకే కాదు, సూపుకీ 'బై టూ' ఉంది. ఒక సూపు బై టూ అంటే రెండు బౌళ్ళలో సమంగా పోసి తెస్తారు, మొహం చిట్లించరు. నలుగురు పెద్దవాళ్ళకి రెండు సూపులు. ఒక స్వీట్ కార్న్ వెజ్ (పిల్లలూ రెండు స్పూన్లు తాగుతారు), ఒక లెమన్ కొరియాండర్ లేదా హాట్ అండ్ సోర్.

రైస్, నూడుల్స్ ప్లేట్ ఒకటి మధ్యరకం హోటల్లో సుమారు నాలుగైదు వందల గ్రాములు తూగుతుంది. స్టార్టర్లు తిన్నాక ఒక్కరు ఖాళీ చెయ్యలేరు. మనుషులు ఎంతమందో అందులో సగం ప్లేట్లు చాలు, ఆరుగురికి మూడు. తక్కువైతే ఇంకోటి చెప్పొచ్చు, ఎనిమిది నిమిషాల్లో వస్తుంది. చైనీస్‌లో ఉన్న సుఖమే అది, ఏదీ దమ్ మీద లేదు.

చికెన్ స్టార్టర్ చెప్పేముందు ఎన్ని ముక్కలొస్తాయో అడగండి. లాలీపాప్ కొన్నిచోట్ల ఆరు, కొన్నిచోట్ల ఎనిమిది. చిల్లీ చికెన్ అయితే ముక్కల కంటే బరువు ముఖ్యం. పిండి మందంగా పట్టించి నాలుగు ముక్కల మాంసాన్ని పది ముక్కలుగా చూపించే చోట్లున్నాయి. పైన కరకరలాడి లోపల తెల్ల పిండి ముద్ద తగిలితే అదే సంగతి.

అన్నట్టు మెనూలో 'ఆంధ్రా చిల్లీ చికెన్' కనిపిస్తే మురిసిపోయి చెప్పకండి. అది పచ్చిమిర్చి, కరివేపాకుతో చేసే మన వంట, అది తినాలంటే మన ఆంధ్రా మెస్సులే నయం. నిజానికి ఈ చైనీస్‌లో చైనాది తక్కువే. కలకత్తా టాంగ్రాలో స్థిరపడ్డ హక్కా చైనీయుల చేతుల్లో రూపుదిద్దుకున్న వంట ఇది. చికెన్ మంచూరియన్ అయితే 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో నెల్సన్ వాంగ్ కనిపెట్టినదని చెప్తారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కార్న్‌ఫ్లోర్, సోయా. మసాలా దినుసులు లేని మన కూరే.

లెక్క చూద్దాం, మధ్యరకం చోట సుమారు రేట్లతో. సూపులు రెండు, 140 చొప్పున 280. గోబీ లేదా బేబీకార్న్ మంచూరియన్ డ్రై 220, ఒక చికెన్ స్టార్టర్ 300. వెజ్ ఫ్రైడ్ రైస్ 220, వెజ్ హక్కా నూడుల్స్ 220, చికెన్ ఫ్రైడ్ రైస్ 260. వెజ్ గ్రేవీ 230, చికెన్ గ్రేవీ 310. పిల్లలకి లైమ్ సోడాలు రెండు, 140. మొత్తం 2,180, ఐదు శాతం జీఎస్‌టీ 109, వెరసి 2,289. వందో నూట యాభయ్యో టిప్ ఇచ్చినా గీత దాటదు.

ఇదే కుటుంబం, ఇదే హోటల్, ఆలోచించకుండా చెప్తే: సూపులు నాలుగు 560, స్టార్టర్లు నాలుగు 1,040, రైస్ నూడుల్స్ ఐదు 1,180, గ్రేవీలు మూడు 770, సోడాలు ఆరు 420, నీళ్ళ సీసాలు మూడు 180. అప్పుడే 4,150. దాని మీద పది శాతం సర్వీస్ చార్జ్, ఆ మొత్తం మీద జీఎస్‌టీ, 4,793. పైగా సగం డబ్బాల్లో ఇంటికొస్తుంది.

నీళ్ళ దగ్గర జాగ్రత్త. కూర్చోగానే 'మినరల్ వాటరా సార్?' అంటారు, తలూపితే సీసాలు మూత తీసి పెట్టేస్తారు. 'రెగ్యులర్ వాటర్' అనండి, డబ్బు పడదు.

అన్నీ ఒకేసారి చెప్పెయ్యకండి. సూపులు, ఒక స్టార్టర్, పిల్లల నూడుల్స్ మొదట. నూడుల్స్ ముందే వస్తే పిల్లల ఆకలి తీరి గోల ఉండదు. చికెన్ స్టార్టర్ సూపులు అయ్యాక. సాస్‌లో తిప్పిన మంచూరియన్ ఐదారు నిమిషాల్లో మెత్తబడిపోతుంది, టేబుల్ మీద నాలుగు పెట్టుకుంటే మూడు చల్లారినవే తినాలి. రైసూ గ్రేవీలూ చివర, అప్పటి ఆకలిని బట్టి. కెప్టెన్‌తో, అంటే ఆర్డర్ రాసుకునే పెద్ద వెయిటర్‌తో, ముందే 'ఒకటొకటిగా తీసుకురండి' అని చెప్తే చాలు.

అత్తయ్యగారి విషయంలో మెనూ మీది పచ్చ చుక్క చూసి వదిలెయ్యకండి. మూడు చోట్ల తేడా వస్తుంది. ఒకటి, నూడుల్స్‌లోనే గుడ్డు కలిసిన రకం ఉంటుంది, 'ఎగ్‌లెస్ నూడుల్సేనా?' అని అడగండి. రెండు, మంచూరియన్ పిండిలో పట్టు కోసం గుడ్డు కొట్టేవాళ్ళున్నారు. మూడోది ఎవరూ అడగరు, చికెన్ పౌడర్. వంటింట్లో ఉప్పూ మిరియాల పక్కనే ఆ డబ్బా ఉంటుంది, అలవాటు కొద్దీ వెజ్ రైస్‌లో కూడా ఒక చిటికెడు పడుతుంది. సూపుల్లో చికెన్ స్టాక్ కూడా అంతే. వెయిటర్‌తో కాకుండా కెప్టెన్‌తో చెప్పండి: 'ప్యూర్ వెజ్, ఎగ్ వద్దు, చికెన్ పౌడర్ వద్దు, కడాయి కడిగి చెయ్యండి.' ఇంత చెప్పినా ఆవిడకి మనసొప్పదనుకుంటే నాన్‌వెజ్ హోటల్ ఆలోచనే మానుకుని సాగర్ పై అంతస్తుకి వెళ్ళండి. మామయ్యగారు ఒక పూట చికెన్ లేకుండా ఉండగలరు.

మామయ్యగారి బీపీకి 'అజినమోటో వద్దు' అంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. ఉప్పులో సోడియం సుమారు 39 శాతం, అజినమోటోలో 12 శాతమే. అది మానేసిన కుక్ రుచి కోసం ఇంకాస్త ఉప్పు వేస్తే సోడియం పెరుగుతుంది. అసలు దొంగ సోయా సాస్. ఒక టేబుల్ స్పూన్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పే పరిమితి 2,000 లోపు. కాబట్టి ఆయనకి డార్క్ గ్రేవీలు, హాట్ అండ్ సోర్ సూపు తగ్గించండి. లెమన్ కొరియాండర్ సూపు, వెల్లుల్లితో వేయించిన కూరగాయలు లేదా చికెన్, 'ఉప్పు, సోయా తక్కువ' అని చెప్పి. చప్పగా ఉందంటారు, తప్పదు. అప్పుడు టేబుల్ మీది వెనిగర్‌లో నానేసిన పచ్చిమిర్చి గిన్నె ఆయన ముందుకి జరపండి. పులుపూ కారమూ ఉంటే ఉప్పు లోటు అంతగా తెలియదు. ఆ గిన్నె ఉచితం, అయిపోతే మళ్ళీ ఇస్తారు.

పిల్లలకి షెజ్వాన్ అని పేరున్నవేవీ వద్దు, ఎండుమిర్చి వెల్లుల్లి ముద్ద అది. అమెరికన్ చాప్ సూయ్ తీపిగా ఉంటుంది, కరకరలాడుతుంది, ఏడేళ్ళ బాబుకి నచ్చుతుంది. కానీ పైన గుడ్డు వేస్తారు, అత్తయ్యగారి ప్లేటుకి దూరంగా పెట్టండి.

గోబీ మంచూరియన్ రంగు గురించి ఒక మాట. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియన్‌లోనూ పీచు మిఠాయిలోనూ కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. రోడమైన్-బి అనే బట్టల రంగు దాకా వెళ్ళింది వ్యవహారం. మంచి చోట ఎరుపు బ్యాడిగి మిరపకాయ నుంచి వస్తుంది, అది ఇటుక రంగుకి దగ్గరగా ఉంటుంది, నూనెలో తేలుతుంది. అనుమానం వస్తే ఒక ముక్క మంచినీళ్ళ గ్లాసులో వెయ్యండి. మిరప రంగు నీళ్ళలో కరగదు, నూనె చుక్కలతో పైకి తేలుతుంది. నీళ్ళు గులాబీ రంగులోకి మారితే పక్కన పెట్టెయ్యండి. ఇది లాబ్ పరీక్షతో సమానం కాదు, నీళ్ళు మారనంత మాత్రాన రంగు వెయ్యలేదనీ కాదు.

బిల్లు వచ్చాక మూడు వరుసలు చూడండి. జీఎస్‌టీ మామూలు రెస్టారెంట్లో 5 శాతమే. గది అద్దె 7,500 దాటే స్టార్ హోటల్ లోపల ఉన్నదైతే 18. చిన్న హోటల్ బిల్లు మీద 'కాంపొజిషన్' అని రాసి ఉంటే వాళ్ళు మీ దగ్గర జీఎస్‌టీ అసలు వసూలు చెయ్యకూడదు. సర్వీస్ చార్జ్ బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. 'తీసెయ్యండి' అని మామూలుగా అడగండి, చాలాచోట్ల మారుమాటాడకుండా కొత్త బిల్లు తెస్తారు. 'తియ్యం' అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యొచ్చు. పెద్దవాళ్ళ ముందు గొడవ ఇష్టం లేకపోతే, అందుకే ఫోన్‌లోనే అడగమన్నాను.

మిగిలింది ప్యాక్ చేయిస్తే డబ్బాకి పదో ఇరవయ్యో వేస్తారు. గ్రేవీ, రైస్ విడివిడిగా కట్టమనండి. తర్వాత మెట్రో, ఆటో అంటూ తిరిగి సాయంత్రం ఇల్లు చేరేట్టయితే ఫ్రైడ్ రైస్ మాత్రం తెచ్చుకోకండి. వండిన అన్నం బయటి వేడిలో రెండు గంటలు దాటి ఉంటే అందులో పెరిగే బాక్టీరియా విడుదల చేసే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్నగా ఇంటికే వెళ్తుంటే వెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రికి పొగలొచ్చేదాకా వేడిచేసి తినండి.